2,600 పేర్లు, ఓడ ఎక్కుతామన్నవాళ్లు 385: నెపోలియన్ కాలపు తీర మిలీషియా కాగితాలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

1801 ఆగస్టు. ఫ్రెంచి సైన్యం ఛానల్ దాటి ఎప్పుడు దిగుతుందోనని ఇంగ్లండు ఆగ్నేయ తీరానికి కంటి మీద కునుకు లేదు. ఆ తీరాన్ని కాపాడే బాధ్యత అడ్మిరల్ నెల్సన్‌కు అప్పగించారు. ఆయన తన కింద ఉన్న మనుషుల లెక్క తీయించాడు. ఆర్‌ఫర్డ్ నెస్ నుంచి బీచీ హెడ్ దాకా ‘సీ ఫెన్సిబుల్స్’ అనే దళంలో పేరు రాయించుకున్నవాళ్లు సుమారు 2,600 మంది. వాళ్లలో ఓడ ఎక్కి సముద్రం మీదకు వస్తామన్నవాళ్లు 385 మంది.

రెండు అంకెలూ నిజమే. మొదటిది మాత్రమే చూసినవాళ్లకు దేశం కోసం కదిలిన జాలరి పల్లెలు కనిపిస్తాయి, రెండోది మాత్రమే చూసినవాళ్లకు పిరికిపందలు కనిపిస్తారు. బ్రిటన్‌లో తమ ముత్తాతల పేర్లు వెతుక్కునే కుటుంబాల దగ్గర్నుంచి పరిశోధన విద్యార్థుల దాకా చాలామంది ఈ రెండింటిలో ఒకదాన్ని పట్టుకుని ఆగిపోతున్నారు. అసలు ఈ కాగితాలు ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్నది తెలిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. అందుకే కాస్త మొదట్నుంచి చెబుతాను.

మిలీషియా, ఫెన్సిబుల్స్, వాలంటీర్లు: అందరూ ఒకటి కాదు

తీరంలో ఆయుధం పట్టిన ప్రతి ఒక్కరినీ ‘మిలీషియా’ అనేయడం మనకు అలవాటు. ఆ కాలంలో ఆ మాటకు చట్టం ఇచ్చిన కచ్చితమైన అర్థం ఉంది. 1757 చట్టం ప్రకారం ప్రతి పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్లో, కానిస్టేబుల్ 18 నుంచి 50 ఏళ్ల మధ్య మగవాళ్ల జాబితా రాయాలి. కొన్నేళ్లకే పై వయసును 45కి తగ్గించారు. జాబితాను చర్చి తలుపుకు అంటించేవాళ్లు, అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చు. తర్వాత చీటీలు తీసేవాళ్లు. చీటీ తగిలినవాడు వెళ్లాలి, లేదా జరిమానా కట్టాలి, లేదా డబ్బిచ్చి తన బదులు ఇంకొకణ్ణి పంపాలి. ఈ జాబితాలంటే జనానికి ఎంత భయమంటే, 1757లో చాలాచోట్ల గుంపులుగా వచ్చి వాటిని లాక్కుని చించేశారు. 1761లో హెక్సమ్‌లో చీటీలకు వ్యతిరేకంగా చేరిన జనం మీద కాల్పులు జరిపితే పదుల సంఖ్యలో చనిపోయారు.

ఫెన్సిబుల్స్ వేరు. ‘డిఫెన్సిబుల్’ అన్న మాటలో ముందు ముక్క రాలిపోతే మిగిలిన మాట ఇది. యుద్ధం ఉన్నంత కాలం స్వదేశంలోనే పనిచేస్తామని చేరిన సైనికులు వీళ్లు. వీళ్లకు చీటీలతో సంబంధం లేదు. వాలంటీర్లు ఇంకో రకం, సొంత ఊళ్లో సొంత పని చేసుకుంటూ వారానికి కొన్ని గంటలు కవాతు చేసేవాళ్లు.

ఇక సీ ఫెన్సిబుల్స్. హోమ్ పోఫమ్ అనే నౌకాదళ కెప్టెన్ సూచనతో 1798లో మొదలైన దళం ఇది. జాలర్లు, పడవ నడిపేవాళ్లు, రేవు పనివాళ్లు ఇందులో చేరేవాళ్లు. నౌకాదళ అధికారులు వాళ్లకు బల్లేలు, తీర ఫిరంగులు వాడడం నేర్పేవాళ్లు. కవాతుకొచ్చిన రోజుకు ఒక షిల్లింగు. 1803లో రామ్స్‌గేట్ దగ్గర ఈ దళాన్ని కూర్చిన అధికారి ఫ్రాన్సిస్ ఆస్టెన్, నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ అన్న. 1810లో దళాన్ని రద్దు చేశారు.

ఇంత తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఎవరు జీతం ఇచ్చారో వాళ్ల దగ్గరే కాగితం ఉంటుంది. లండన్ శివారులో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో మిలీషియా, వాలంటీర్ల మస్టర్ పుస్తకాలు యుద్ధ శాఖ వరుసలో ‘డబ్ల్యూఓ 13’ కింద ఉంటాయి. సీ ఫెన్సిబుల్స్ చెల్లింపు పట్టీలు నౌకాదళ వరుసలో ‘ఏడీఎం 28’ కింద ఉంటాయి. ముత్తాత జాలరి అయితే సైన్యం పుస్తకాల్లో ఎన్నేళ్లు వెతికినా దొరకడు, అంతమాత్రాన ఆయన ఏ దళంలోనూ లేడని కాదు.

పేర్లు కూడా మోసం చేస్తాయి. వేల్స్‌లో ‘ఫిష్‌గార్డ్ ఫెన్సిబుల్స్’ అని పిలిచిన దళం నిజానికి వాలంటీర్ల దళం. పలక మీద ఉన్న పేరుకన్నా చేరిన షరతులు చూడాలి.

మస్టర్లో ఒక పంక్తి

మస్టర్ అంటే మన ఊళ్లలో వేరే చెప్పక్కర్లేదు. ఉపాధి హామీ పని దగ్గర మేటు పట్టుకుని తిరిగేది అదే, ఎవరు వచ్చారు, ఎన్ని రోజులు వచ్చారు, ఎంత ఇవ్వాలి. ఆ మాట మనకు వచ్చింది కూడా ఇంగ్లిషువాళ్ల నుంచే. ‘దొంగ మస్టర్లు’ అన్న మాట కూడా మనకు బాగా తెలుసు. పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ సైనిక చట్టాల్లో దొంగ మస్టరు రాయడం ఒక నేరంగానే ఉంది. నేరంగా రాసి పెట్టుకున్నారంటే అది జరిగేదనే అర్థం.

ఇప్పుడు ఒక పంక్తి తీసుకుందాం. ఇది వివరించడానికి నేను కల్పించిన పంక్తి, ఏ పుస్తకంలోనిదీ కాదు.

‘జాన్ డేవిస్, జాలరి, మూడు నెలలు, హాజరు 11, చెల్లించినది 11 షిల్లింగులు, సంతకం బదులు ఇంటూ గుర్తు.’

మూడు నెలలంటే 13 వారాలు. వారానికో కవాతు అనుకుంటే రెండు ఎగ్గొట్టాడని వెంటనే అనిపిస్తుంది. ఆగాలి. అదే పుటలో పైనా కిందా ఉన్న పేర్లు చూడాలి. అందరికీ 11 ఉంటే కవాతులు జరిగిందే 11, తుపానుకో మరో కారణానికో రెండు రద్దయి ఉండొచ్చు. అప్పుడు ఇతను ఒక్క రోజు కూడా మానలేదు. చుట్టుపక్కల వాళ్లకు 13 ఉండి ఇతనొక్కడికే 11 ఉంటే రెండు రోజులు రాలేదని చెప్పొచ్చు, ఎందుకు రాలేదో మాత్రం ఈ కాగితం చెప్పదు. పుటలో అందరికీ ప్రతి త్రైమాసికంలోనూ సరిగ్గా 13 ఉంటే, అప్పుడు అనుమానం జాలరి మీద కాదు, పుస్తకం రాసిన చేతి మీద రావాలి. చేపల కాలంలో ఒక పల్లె మొత్తం ఒక్క రోజు కూడా మానకపోవడం నమ్మశక్యం కాదు.

ఇంటూ గుర్తు ఉంటే చదువు రాదని రాసేస్తారు చాలామంది. చాలాసార్లు నిజమే కావచ్చు. కానీ చేతిలో ఉన్నది అసలు పట్టీయా, ఆఫీసుకు పంపడానికి గుమాస్తా తీసిన నకలా అన్నది ముందు తేల్చుకోవాలి. నకలులో సంతకాలన్నీ ఒకే చేతిరాతలో ఉంటాయి, అందులో గుర్తులు చూసి ఊరి చదువు లెక్కలు కట్టడం కుదరదు.

ఈ పంక్తి ఖాయంగా చెప్పేది ఒక్కటే: ఈ పేరు మీద 11 షిల్లింగులు ఖర్చు రాశారు. యుద్ధం చేశాడనీ చెప్పదు, ధైర్యవంతుడనీ పిరికివాడనీ చెప్పదు. అది లెక్కల ఆఫీసు అడిగిన ప్రశ్నకు రాసిన జవాబు.

పేరు ఎందుకు రాయించుకున్నారు

అసలు గొడవంతా ఇక్కడే. ఆ రోజుల్లో బ్రిటిష్ నౌకాదళానికి లక్షకు పైగా మనుషులు కావాలి. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు చాలక ‘ప్రెస్ గ్యాంగు’లను పంపేవాళ్లు. రేవుల్లో, సారాయి దుకాణాల్లో, తిరిగొస్తున్న సరుకు ఓడల్లో సముద్రం పని తెలిసినవాడు కనిపిస్తే పట్టుకుపోయేవాళ్లు. వెళ్లినవాడు ఎన్నేళ్లకు తిరిగొస్తాడో, అసలు వస్తాడో రాడో ఇంట్లోవాళ్లకు తెలియదు. సీ ఫెన్సిబుల్స్‌లో పేరుంటే ఈ బలవంతపు భర్తీ నుంచి రక్షణ ఉండేది.

దీన్ని పట్టుకుని ఒక వాదన ఉంది: ఈ దళం దేశ రక్షణకు కాదు, ప్రెస్ గ్యాంగు నుంచి తప్పించుకోవడానికి గొడుగు. అప్పటి నౌకాదళ మంత్రి లార్డ్ సెయింట్ విన్సెంట్‌కు ఈ దళం మీద ఏ మాత్రం నమ్మకం లేదు. నికార్సయిన నావికులు వారానికో షిల్లింగు తీసుకుంటూ ఒడ్డున కూర్చుంటే ఓడలు ఎవరు నడుపుతారన్నది అటువైపు వాళ్ల బాధ. నెల్సన్ లెక్క, 2,600లో 385, అంటే నూటికి 15 మంది కూడా లేరు, ఈ వాదనకు బలమైన ఆధారంగా కనిపిస్తుంది.

వాళ్లు ఉత్తినే తప్పించుకోవడానికి చేరినవాళ్లు కాదన్నది రెండో వాదన, దానికి ఆధారం కూడా ఆ నెల్సన్ ఉత్తరాల్లోనే ఉంది. ఆ మనుషులు రామని చెప్పలేదు. పనులు వదిలి ఒకటి రెండు రోజులకు మించి ఇళ్లకు దూరంగా ఉండలేమన్నారు, శత్రువు నిజంగా వస్తున్నాడని తెలిస్తే వస్తామన్నారు. ఓడ ఎక్కితే దింపరని, ఎక్కడికో పంపేస్తారని వాళ్ల భయం. ఆ భయం ఉత్త సాకని నేను అనుకోను. కళ్లముందు అన్నదమ్ముల్ని, పక్కింటివాళ్లని పట్టుకుపోయిన నౌకాదళం అది, మీకేం కాదు ఎక్కండి అంటే ఎవరు నమ్ముతారు?

ఇక్కడ జాగ్రత్తగా చూస్తే మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఒడ్డున కవాతు చేస్తావా? 2,600 మంది సరే అన్నారు. ఇప్పుడే ఓడ ఎక్కుతావా? 385 మంది అన్నారు. ఫ్రెంచివాళ్లు దిగిన రోజు పోరాడతావా? ఈ మూడో ప్రశ్నకు ఆ తీరంలో జవాబు రాలేదు, ఎందుకంటే ఫ్రెంచివాళ్లు అక్కడ దిగలేదు. చాలామంది మొదటి రెండు జవాబుల్లో ఒకటి తీసుకుని మూడో ప్రశ్నకు అతికిస్తున్నారు.

ఒడ్డు మీది వాలంటీర్ల సంగతీ ఇంతే. 1803లో యుద్ధం మళ్లీ మొదలయ్యాక 17 నుంచి 55 ఏళ్ల మగవాళ్లందరి జాబితా తీయమని చట్టం చేశారు. వాలంటీర్లు చాలినంత మంది ముందుకొస్తే ఆ ఊళ్లో బలవంతం ఉండదన్నారు. పైగా నిర్ణీత రోజులు కవాతుకు వచ్చిన వాలంటీరుకు మిలీషియా చీటీ తప్పుతుంది. ఏడాది తిరిగేలోపు మూడు లక్షలకు పైగా వాలంటీర్లు చేరారు. కొందరు చరిత్రకారులకు ఇందులో సామాన్య జనం మొదటిసారి ‘మేం బ్రిటిష్ వాళ్లం’ అనుకోవడం కనిపిస్తుంది. మరికొందరికి ఊరి పరువు, జమీందారు మాట, చీటీ భయం కనిపిస్తాయి. ఒకే మనిషిలో ఇవన్నీ కలిసి ఉండడానికి అడ్డేమీ లేదు. జాబితాలో కారణం రాసే గడి లేదు, అంతే.

తీరంలో ఉన్నవాళ్లు తీరం వాళ్లు కాకపోవచ్చు

ఇది చాలామందిని తికమక పెడుతుంది. వాలంటీర్లు, సీ ఫెన్సిబుల్స్ సొంత ఊళ్లో ఉంటారు. చీటీల మిలీషియా అలా కాదు, యుద్ధం వస్తే రెజిమెంటు మొత్తాన్ని ఇంకో జిల్లాకు తరలిస్తారు.

1795 వసంతంలో ససెక్స్ తీరంలో సీఫర్డ్, న్యూహేవెన్ దగ్గర కాపలా ఉన్నది ఆక్స్‌ఫర్డ్‌షైర్ మిలీషియా. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కు సముద్రమే లేదు. ఆ ఏడాది రొట్టె ధర ఆకాశానికంటింది. సైనికులు తిరగబడ్డారు, పిండి పట్టుకున్నారు, మాంసం తాము సరైనదనుకున్న ధరకు అమ్మించారు. బ్రైటన్‌లో సైనిక విచారణ జరిగింది. జూన్‌లో ఇద్దరిని హోవ్ దగ్గర గోల్డ్‌స్టోన్ లోయలో, తోటి సైనికుల ముందే కాల్చి చంపారు. ఈ కథను ససెక్స్ మిలీషియా పుస్తకాల్లో వెతికితే దొరకదు. తీరం ససెక్స్‌ది, మనుషులు ఆక్స్‌ఫర్డ్‌షైర్ వాళ్లు, విచారణ కాగితాలు లండన్‌వి.

ఫిష్‌గార్డ్: ఒక్క ఘటన, పొసగని సాక్ష్యాలు

మూడో ప్రశ్నకు జవాబు దొరికిన చోటు ఒకటుంది. 1797 ఫిబ్రవరి 22న వేల్స్‌లోని ఫిష్‌గార్డ్ దగ్గర కారెగ్వాస్టాడ్ కొండకొనలో దాదాపు 1,400 మంది ఫ్రెంచి సైనికులు దిగారు. వాళ్లలో చాలామంది జైళ్ల నుంచి తెచ్చినవాళ్లు. నాయకుడు విలియమ్ టేట్ అనే అమెరికన్. రెండు రోజుల్లో కథ ముగిసింది, 24న గుడ్‌విక్ ఇసుకలో ఆయుధాలు పెట్టేశారు. బ్రిటన్ ప్రధాన భూభాగం మీద జరిగిన చివరి దండయాత్ర ఇదే. ఆ భయానికి జనం బంగారం కోసం ఎగబడితే, కొద్ది రోజుల్లోనే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేసింది.

ఇంత చిన్న ఘటన మీద కాగితాలు ఒకదానితో ఒకటి కలవవు. స్థానిక వాలంటీర్ల కల్నల్ థామస్ నాక్స్‌కు అప్పుడు 28 ఏళ్లు, చేతిలో రెండు వందల లోపు మనుషులు. ఆయన వెనక్కి తగ్గి, సాయంగా వస్తున్న లార్డ్ కాడర్ బలగాలతో కలిశాడు. ఆ తర్వాత ఆయన్ని పిరికివాడన్నారు, తోటి అధికారులు ఆయన కింద పనిచేయమన్నారు, చివరికి పదవి వదిలేశాడు. 1800లో ఉత్తరాలతో సహా తన కథ తాను అచ్చు వేయించుకున్నాడు. పరువు కాపాడుకోవడానికి వేసిన పుస్తకం కాబట్టి అందులో ఏ ఉత్తరం చేర్చాడు, ఏది వదిలేశాడు అన్నది చూడాల్సిందే. మరోవైపు కాడర్ పక్షం రాతల్లో గెలుపు సహజంగానే కాడర్‌ది. ఎదురుగా ఉన్న బలం ఎంతో చూస్తే నాక్స్ వెనక్కి తగ్గడం తప్పని నాకు అనిపించదు, కానీ ఆ మాట ఆయన పుస్తకం చదివి అనడం వేరు, మనుషుల లెక్క చూసి అనడం వేరు.

ఎర్ర శాలువాల కథ కూడా ఉంది. ఎర్ర శాలువాలు కప్పుకున్న వెల్ష్ స్త్రీలను దూరం నుంచి చూసి ఫ్రెంచివాళ్లు సైనికులనుకున్నారట. టేట్ లొంగుబాటుకు ముందు రాసిన ఉత్తరం మిగిలింది. సైనిక చర్య అనవసరమనీ, అది రక్తపాతానికీ దోపిడీకీ దారితీస్తుందనీ అందులో ఉంది, శాలువాల ఊసు లేదు. అంతమాత్రాన కథ అబద్ధమని తేలదు, ఆడవాళ్లను చూసి భయపడ్డామని ఏ సేనానీ రాయడు కదా. ఆ ఉత్తరం తేదీ ‘రిపబ్లిక్ ఐదో ఏడు, వాంటోజ్ 5’. ఫ్రెంచి విప్లవ క్యాలెండరులో ఆ ఏడు వాంటోజ్ 1 అంటే ఫిబ్రవరి 19, కాబట్టి 5 అంటే 23. దిగిన మర్నాడే లొంగుబాటు మాట ఎత్తాడన్నమాట. నాకు శాలువాలకన్నా ఈ తేదీయే ఎక్కువ చెబుతున్నట్టుంది.

‘ఫిష్‌గార్డ్’ యుద్ధ గౌరవం, అంటే ఆ పోరు పేరును తమ ఘనతగా చెప్పుకునే హక్కు, 1853లో దక్కింది ఫిష్‌గార్డ్ దళానికి కాదు, కాడర్‌తో వచ్చిన కాసిల్‌మార్టిన్ గుర్రపు దళానికి.

రాసినవాడి చెవి, రాయని పేర్లు

వేల్స్ తీరంలో మనుషులు మాట్లాడేది వెల్ష్, పుస్తకం ఇంగ్లిషు. గుమాస్తాకు ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఒకే మనిషి మూడు పట్టీల్లో మూడు స్పెల్లింగులతో ఉండొచ్చు, ముగ్గురు జాన్ డేవిస్‌లు ఒకే మనిషిలా కనిపించొచ్చు. మనకిది బాగా తెలిసిన బాధే. విశాఖపట్నాన్ని ‘విజగపటం’ అని, కాకినాడను ‘కోకనాడ’ అని రాసిన చేతులే ఇవి. ఇదే యుద్ధం 1804 సెప్టెంబరులో మన విశాఖ రేవు దాకా వచ్చింది. ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు ఓడలతో వచ్చి రేవులో ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ మీద పడ్డాడు, ఒక సరుకు ఓడ ఒడ్డుకు కొట్టుకుపోయింది, ఇంకోదాన్ని పట్టుకుపోయాడు. ఆ పోరు గురించి ఇరుపక్షాల నౌకాధికారులూ రాసినవి ఉన్నాయి. విశాఖ ఒడ్డున నిలబడి చూసిన తెలుగువాళ్ల వైపు నుంచి చదవాలంటే మాత్రం ఆ రాతల్లో చోటు లేదు.

ఆడవాళ్ల సంగతీ అంతే. గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకుని 12 మంది ఫ్రెంచి సైనికుల్ని బంధించిందని చెప్పే జెమైమా నికొలస్ ఫిష్‌గార్డ్‌లో ఈనాటికీ పెద్ద పేరు. ఆమె ఏ మస్టర్లోనూ ఉండదు, ఉండే వీలే లేదు. ఆమె సమాధి దగ్గరి రాయి 1897లో, ఘటన జరిగిన వందేళ్లకు, చందాలతో పెట్టింది. కాబట్టి ఆ రాయి 1797కు సాక్ష్యం కాదు, 1897లో ఊరు ఏం గుర్తుంచుకుందో దానికి సాక్ష్యం. అది కూడా విలువైనదే.

ఏది మిగిలింది, ఎందుకు మిగిలింది

ఒక విషయం గమనించండి. డబ్బు లెక్క ఉన్న కాగితాలు ఎక్కువగా మిగిలాయి, ఎందుకంటే వాటిని ఆడిట్ కోసం రాజధానికి పంపారు, అక్కడ దాచారు. చీటీల జాబితాలు ఊళ్లోనే ఉండిపోయాయి, చీటీలు తీయడం అయ్యాక వాటితో ఎవరికీ పని లేదు. దండయాత్ర భయంతో 1798లో తీసిన మగవాళ్ల జాబితా ఒక జిల్లా మొత్తానికి పూర్తిగా మిగిలింది బకింగ్‌హమ్‌షైర్‌కు, 15 నుంచి 60 ఏళ్ల వాళ్లు సుమారు 23,500 పేర్లు, వృత్తులతో సహా. అదీ సముద్రం లేని జిల్లానే. తీరపు ఊళ్ల మగవాళ్లేం పనులు చేసేవాళ్లో చెప్పడానికి ఆ అంకెలు వాడితే జాలర్లు మాయమైపోతారు.

ఊళ్లో మిగిలిన కాగితాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేవి పారిష్ పేదల నిధి పుస్తకాలు. మిలీషియాకు వెళ్లినవాడి భార్యాపిల్లలకు పారిష్ వారం వారం భత్యం ఇవ్వాలి. అతను ఇంకో పారిష్ వాడి బదులు వెళ్లి ఉంటే ఆ ఖర్చు ఆ పారిష్ తిరిగి చెల్లించాలి. డబ్బు చేతులు మారుతుంది కాబట్టి ఎవరూ దాన్ని వదిలేయలేదు, రెండు ఊళ్ల మధ్య ఉత్తరాలు నడిచాయి. అందుకే సైన్యం పుస్తకంలో ఒక పేరు, ఒక హాజరు అంకెగా మాత్రమే ఉన్న మనిషికి ఇక్కడ భార్య ఉంటుంది, ఆమెకు పేరుంటుంది, పిల్లలు ఎంతమందో, పదేళ్ల లోపు వాళ్లెవరో, ఏ వారం నుంచి ఎంత ఇచ్చారో ఉంటుంది. నేషనల్ ఆర్కైవ్స్‌లో పట్టీ చూసినవాళ్లు చాలామంది ఆ జిల్లా రికార్డు ఆఫీసు దాకా వెళ్లరు. ఆమె అక్కడే ఉంది.